ఆదాయ పరిమితి అద్దె ఇళ్లు: అమెరికాలో దరఖాస్తు, లాటరీ, వెయిటింగ్ లిస్టు

అమెరికాలో కుటుంబ ఆదాయం ఒక గీత దాటని వారికే, మార్కెట్ రేటుకన్నా తక్కువ అద్దెకు ఇచ్చే ఇళ్లను ఆదాయ పరిమితి అపార్ట్‌మెంట్లు అంటారు. వాడుకలో అఫర్డబుల్ హౌసింగ్ అన్న మాటే ఎక్కువ. తెలుగు రాష్ట్రాల్లో సర్కారు ఇల్లు అనగానే పట్టా, తాళంచెవి, గృహప్రవేశం కళ్లముందు మెదులుతాయి. అక్కడ చేతికొచ్చేది లీజు కాగితం. చాలాచోట్ల ఏటా ఆదాయం చూపించి మళ్లీ సంతకం పెట్టాలి. ఇల్లు ఎప్పటికీ సొంతం కాదు, అద్దె మాత్రం అదుపులో ఉంటుంది.

ఈ ఇళ్ల విషయంలో అర్హత వేరు, కేటాయింపు వేరు. ఫెడరల్ ఆహార సాయానికి అర్హులైతే ప్రభుత్వం అది ఇచ్చి తీరాలి. ఇంటి సాయానికి అలాంటి హామీ లేదు. ఆ ఏడాది అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఎంత డబ్బు కేటాయిస్తే అంతమందికే. ఫెడరల్ అద్దె సాయానికి అర్హత ఉన్న ప్రతి నాలుగు కుటుంబాల్లో సుమారు ఒక్కదానికే అది అందుతోంది. మిగతా మూడూ ఏదో ఒక వరుసలో ఉంటాయి, లేదంటే అసలు వరుస ఉన్నట్టే తెలియక జీతంలో సగం అద్దెకు పోస్తుంటాయి. దరఖాస్తు, లాటరీ, వెయిటింగ్ లిస్టు అనే తంతులన్నీ ఈ కొరతలోంచి పుట్టినవే.

ఎక్కడి నుంచి వచ్చింది

న్యూయార్క్ నగర గృహ సంస్థ 1934లో ఏర్పడింది. మరుసటి ఏడాది మన్‌హాటన్ దిగువ తూర్పు ప్రాంతంలో ఫస్ట్ హౌసెస్ అనే చిన్న సముదాయాన్ని తెరిచింది. 1937 నాటి గృహ చట్టంతో ఈ పద్ధతి దేశమంతా పాకింది. తొలినాళ్లలో ఈ ఇళ్లు నిరుపేదల కోసం కాదు, నెలనెలా కూలి వచ్చే కార్మిక కుటుంబాల కోసం ఉద్దేశించినవి. అద్దెల డబ్బుతోనే భవనాల నిర్వహణ సాగాలన్నది లెక్క. కాలం గడిచేకొద్దీ స్థోమత ఉన్నవాళ్లు శివార్లకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్ల ఆదాయం పడిపోయింది, ఖర్చులు పెరిగాయి, ఆ భారం అద్దెల మీద పడింది. 1969లో సెయింట్ లూయిస్ నగరంలో ప్రభుత్వ గృహాల్లోని కుటుంబాలు అద్దె కట్టబోమని సమ్మెకు దిగాయి. అదే ఏడాది మసాచుసెట్స్ సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ పేరు మీద వచ్చిన సవరణ, అద్దె కుటుంబ ఆదాయంలో 25 శాతం మించకూడదని కట్టడి చేసింది. 1981లో దాన్ని 30 శాతానికి పెంచారు. అమెరికాలో ఇంటి అద్దె గురించి ఎవరు మాట్లాడినా నోటికొచ్చే ఆ ‘30 శాతం’ ఇలా స్థిరపడింది. అది అర్థశాస్త్రం తేల్చిన సూత్రం కాదు, బడ్జెట్ బేరంలో కుదిరిన అంకె.

1973 జనవరిలో నిక్సన్ ప్రభుత్వం కొత్త గృహ నిర్మాణ సాయాన్ని నిలిపేసింది. మరుసటి ఏడాది చట్టంతో సెక్షన్ 8 వచ్చింది. ప్రభుత్వమే ఇళ్లు కట్టి ఇచ్చే పద్ధతి పోయి, ప్రైవేటు యజమాని ఇంట్లో ఉండే పేద కుటుంబం తరఫున అద్దెలో కొంత భాగం కట్టే పద్ధతి మొదలైంది. ఇప్పుడు వౌచర్ అంటున్నది దీన్నే. 1986లో రీగన్ కాలపు పన్నుల సంస్కరణ మూడో దారి తెరిచింది. తక్కువ ఆదాయం వారికి ఇళ్లు కట్టే బిల్డర్‌కు ప్రభుత్వం రొక్కం ఇవ్వదు, పదేళ్లపాటు వాడుకోగలిగే పన్ను రాయితీ ఇస్తుంది. బిల్డర్ ఆ రాయితీని బ్యాంకులకు, పెట్టుబడిదారులకు అమ్మి నిర్మాణానికి డబ్బు సమకూర్చుకుంటాడు. బదులుగా కనీసం 30 ఏళ్లు ఆ ఇళ్లను పరిమితి అద్దెకే ఇస్తానని ఒప్పుకుంటాడు. లైటెక్ అని ముద్దుపేరున్న ఈ పథకం కింద 35 లక్షలకు పైగా ఇళ్లు వచ్చాయి. ఈనాడు దరఖాస్తుదారు చూసే కొత్త అఫర్డబుల్ భవనాల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే.

అంటే ఒకే ప్రభుత్వ కార్యాలయం, ఒకే ఫారం, ఒకే జాబితా అనేది ఎక్కడా లేదు. ప్రభుత్వ గృహాలకు ఒక వరుస, వౌచర్‌కు ఇంకో వరుస, ఒక్కో పన్ను రాయితీ భవనానికి దాని సొంత వరుస. పైగా ఇవి ఊరూరికీ వేరు. ఒక జాబితాలో పేరు చేరిందని నిశ్చింతగా కూర్చున్నవాళ్లు, పక్క వీధి భవనానికి తమ పేరే వెళ్లలేదని ఏళ్ల తర్వాత తెలుసుకుంటారు.

గీత ఎవరు గీస్తారు

ఆదాయ గీతను ఫెడరల్ గృహ శాఖ ఏటా ప్రకటిస్తుంది. ఈ శాఖను అందరూ హడ్ అనే అంటారు. ఒక ప్రాంతంలోని కుటుంబాల ఆదాయాలను వరుసగా పేర్చితే సరిగ్గా నడిమధ్యన నిలిచే అంకె, అంటే మధ్యగతం, దీనికి పునాది. దాన్నే ఏఎంఐ అంటారు. అందులో 80 శాతం లోపువారు తక్కువ ఆదాయం వారు, 50 శాతం లోపువారు చాలా తక్కువ ఆదాయం వారు, సుమారు 30 శాతం లోపువారు అత్యల్ప ఆదాయం వారు. లెక్కకు ఆధారం నలుగురి కుటుంబం. ఒంటరి మనిషి గీత అందులో 70 శాతం, ఇద్దరికి 80, ముగ్గురికి 90. ఐదుగురైతే 108 శాతం. సభ్యులు పెరిగేకొద్దీ గీత ఎగువకు జరుగుతుంది.

2025లో న్యూయార్క్ నగరానికి నలుగురి కుటుంబం ఏఎంఐ 1,62,000 డాలర్లు. ముగ్గురికి 1,45,800, ఒంటరి మనిషికి 1,13,400. ఈ అంకెలు చూసి మొదటిసారి ఎవరైనా కళ్లు నులుముకుంటారు. ఏడాదికి లక్షన్నర డాలర్ల జీతం మీద భార్య, ఇద్దరు పిల్లలతో బతికే ఉద్యోగి కూడా 100 శాతం గీతకు లోపలే ఉన్నాడన్నమాట! నగరంలోని కొన్ని అఫర్డబుల్ భవనాలు 130 శాతం వరకూ ఆదాయం ఉన్నవారికి కేటాయించినవి. నలుగురి కుటుంబానికి అది 2,10,600 డాలర్లు.

ఇంత పెద్ద అంకె రావడానికి కారణాలున్నాయి. లెక్కలోకి బరోలు అనే న్యూయార్క్ ఐదు నగర విభాగాలే కాదు, రాక్‌లాండ్, పట్నం అనే శివారు కౌంటీలు కూడా వస్తాయి. ఇళ్ల ధరలు మండిపోతున్న చోట హడ్ గీతను ఇంకాస్త పైకి లాగుతుంది. దక్షిణ బ్రాంక్స్ పేటకూ, మన్‌హాటన్ శ్రీమంతుల వీధికీ ఒకటే గీత. అందుకే పేదల పేటలో లేచిన భవనం మీద ‘అఫర్డబుల్’ అన్న బోర్డు చూసి ఆ పేటవాళ్లే ‘ఎవరికి?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

అద్దె లెక్క

వౌచర్ ఉన్న కుటుంబం కట్టేది తన సొంత ఆదాయంలో సుమారు 30 శాతం. జీతం తగ్గితే వాటా తగ్గుతుంది, మిగతాది స్థానిక గృహ సంస్థ యజమానికి కడుతుంది. పన్ను రాయితీ భవనంలో అలా కాదు. అక్కడ అద్దె కుటుంబం ఆదాయాన్ని బట్టి కాక గీతను బట్టి నిర్ణయమవుతుంది. ఒక్కో పడకగదికి ఒకటిన్నర మనుషుల చొప్పున ఊహించుకుని, ఆ మనుషుల సంఖ్యకు వర్తించే ఆదాయ గీతలో 30 శాతాన్ని గరిష్ఠ అద్దెగా పెడతారు. కరెంటు, గ్యాస్ ఖర్చులు అద్దెదారే కట్టుకోవాల్సి ఉంటే వాటి అంచనాను అందులోంచి తీసేస్తారు.

2025 న్యూయార్క్ అంకెలతో చూస్తే, 60 శాతం గీత కింద రెండు పడకగదుల ఇంటికి ముగ్గురి లెక్క వర్తిస్తుంది. ముగ్గురికి 60 శాతం అంటే 87,480 డాలర్లు, అందులో 30 శాతాన్ని 12 నెలలకు పంచితే నెలకు 2,187. ఏడాదికి 60,000 సంపాదించే ముగ్గురి కుటుంబం ఆ ఇంట్లో చేరితే ఆదాయంలో దాదాపు 44 శాతం అద్దెకే పోతుంది. అదే కుటుంబానికి వౌచర్ ఉంటే, మినహాయింపులు లెక్కించకపోయినా, కట్టేది 1,500 దగ్గర ఆగుతుంది.

అసలు ఆ కుటుంబానికి ఆ ఇల్లు ఇవ్వకపోవచ్చు కూడా. ప్రతి ప్రకటనలో గరిష్ఠ ఆదాయంతోపాటు కనిష్ఠ ఆదాయమూ ఉంటుంది. ఇంత అద్దె కట్టాలంటే కనీసం ఇంత సంపాదన ఉండాలన్నది యజమాని షరతు. పై గీత దాటితే ‘మీకు అవసరం లేదు’, కింది గీత చేరకపోతే ‘మీ వల్ల కాదు’. రెండింటి మధ్య ఉన్న సన్నని పట్టీలో పడ్డవారే అర్హులు. వౌచర్ చేతిలో ఉంటే కింది గీత అడ్డు సాధారణంగా ఉండదు. వౌచర్‌కు అంత విలువ రావడానికి ఇదొక కారణం.

చేరాక ఆదాయం పెరిగితే? పన్ను రాయితీ ఇళ్లలో వెంటనే ఖాళీ చేయించరు. ఆదాయం పరిమితికి 140 శాతం దాటినా కుటుంబం అక్కడే ఉండవచ్చు. ఆ భవనంలో తర్వాత ఖాళీ అయ్యే పోలిన ఇంటిని అర్హత ఉన్న కుటుంబానికి ఇవ్వాలన్నదే నియమం. కొత్తగా దరఖాస్తు చేసేవాళ్లు జీతం పెంపు గురించి భయపడేదంతా చేరకముందు సంగతే.

న్యూయార్క్ లాటరీ

న్యూయార్క్‌లో కొత్త అఫర్డబుల్ భవనాలకు దరఖాస్తు చేసే చోటు హౌసింగ్ కనెక్ట్. నగర గృహ శాఖ నడిపే ఈ ఆన్‌లైన్ వేదికను 2020లో సరికొత్తగా తీర్చిదిద్దారు. ఒకసారి కుటుంబ వివరాలు నమోదు చేస్తే, తమకు సరిపోయే ప్రకటనలు వచ్చినప్పుడల్లా దరఖాస్తు పంపవచ్చు. సాధారణంగా కొన్ని వారాల గడువు ఉంటుంది. మొదటి రోజు పంపినా, చివరి రోజు పంపినా ఒకటే. తత్కాల్ టికెట్‌కు ఎగబడినట్టు కాచుకుని కూర్చోవలసిన పని లేదు. గడువు ముగిశాక కంప్యూటర్ అన్ని దరఖాస్తులనూ కలిపి ఒక్కోదానికి లాగ్ నంబర్ అనే వరుస అంకె వేస్తుంది. అంకె చిన్నదైతే పిలుపు అంత త్వరగా వస్తుంది. ఒకే కుటుంబం ఒకే భవనానికి రెండు దరఖాస్తులు పంపితే పక్కన పెట్టేస్తారు. అదృష్టం రెట్టింపు చేసుకుందామని భార్య పేరుతో ఒకటి, భర్త పేరుతో ఒకటి పంపినవాళ్లు ఉన్నదీ పోగొట్టుకుంటారు.

పోటీ ఎంతో చెప్పడానికి రివర్‌సైడ్ బులెవార్డ్ 40వ నంబరు భవనం చాలు. నది ఒడ్డున ఖరీదైన ఆ మేడలో 55 పరిమితి అద్దె ఇళ్లున్నాయి. వాటిలో ఉండేవారికి వేరే ద్వారం పెట్టడంతో 2014లో పెద్ద గొడవైంది. పత్రికలు దాన్ని ‘పేదల గుమ్మం’ అన్నాయి. మరుసటి ఏడాది రాష్ట్ర చట్టం ఇలాంటి వేరు ద్వారాలను నిషేధించింది. అదే 2015లో ఆ 55 ఇళ్లకు వచ్చిన దరఖాస్తులు 88,000 పైచిలుకు. గుమ్మం ఏదైనా సరే, లోపలికి వెళ్తే చాలనుకున్నవాళ్లు అంతమంది.

పిలుపు వచ్చిందంటే ఇల్లు వచ్చిందని కాదు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. కుటుంబంలోని ప్రతి ఒక్కరి గుర్తింపు, జనన పత్రం, ఇటీవలి పే స్టబ్‌లు (జీతం చీటీలు), పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ప్రస్తుత అద్దె రుజువు అన్నీ కొద్ది రోజుల గడువులోనే అందించాలి. ఎక్కువమంది ఇక్కడే జారిపోతారు. దరఖాస్తులో చేతికొచ్చే జీతం రాస్తారు, కాని లెక్క పన్నులు కోయకముందు జీతం మీద. ఓవర్‌టైమ్ ఎక్కువగా చేసిన రెండు మూడు నెలల పే స్టబ్‌లు ఇస్తే, దాన్నే ఏడాదికి హెచ్చించి గీత దాటించేస్తారు. నగదు రూపంలో వచ్చే టిప్పులు, పార్ట్‌టైమ్ డబ్బు, బంధువులు నెలనెలా పంపే సాయం కూడా ఆదాయమే. దరఖాస్తులో రాసిన కుటుంబ సభ్యుల సంఖ్యకూ, కాగితాల్లో తేలినదానికీ తేడా వస్తే మరో చిక్కు. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, నిర్ణీత రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. చాలామంది నిరాకరణ లేఖనే తుది తీర్పు అనుకుని ఊరుకుంటారు. చిన్న పొరపాటు సరిదిద్దించుకుంటే నిలబడే దరఖాస్తులు అలా పోతాయి.

క్రెడిట్ స్కోరు విషయంలో న్యూయార్క్ కొంత మెత్తబడింది. గత 12 నెలల అద్దె సక్రమంగా కట్టినట్టు రుజువు చూపితే క్రెడిట్ పరిశీలన లేకుండానే ముందుకెళ్లే వీలును 2019 నుంచి కల్పించింది. అమెరికాకు కొత్తగా వచ్చి, అప్పు చరిత్రే లేని వలస కుటుంబాలకు ఇది మేలైన మార్పు. కాకపోతే అద్దె నగదుగా కట్టి రసీదు తీసుకోనివాళ్లకు ఈ మేలు అందదు.

తెరుచుకుని మూసుకునే జాబితాలు

లాటరీ ఒక భవనానికి ఒకసారి జరిగే తతంగం. వౌచర్ జాబితా అలా కాదు. అది ఏళ్ల తరబడి మూసి ఉంటుంది, ఎప్పుడో ఒక వారం తెరుచుకుంటుంది. న్యూయార్క్ గృహ సంస్థ 2009 డిసెంబరులో మూసిన సెక్షన్ 8 జాబితాను 2024 జూన్ 3న మళ్లీ తెరిచింది. జూన్ 9న మూసేసింది. ఆ వారం రోజుల్లో 6,33,000కు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటిలోంచి లాటరీ తీసి 2,00,000 పేర్లను జాబితాలో చేర్చింది. అంటే అది వౌచర్ కోసం తీసిన లాటరీ కాదు, వౌచర్ కోసం నిరీక్షించే అవకాశం కోసం తీసిన లాటరీ. లాస్ ఏంజెలెస్‌లోనూ అంతే. 2022 అక్టోబరులో ఐదేళ్ల తర్వాత జాబితా తెరిస్తే రెండు లక్షల మందికి పైగా పేరిచ్చారు, 30,000 మందికి చోటు దొరికింది.

జాబితాలో ఉన్నవారు చేయాల్సిన పని ఒకటుంది. చాలా తేలికైనది, చాలామంది మరిచిపోయేది. చిరునామా, ఫోను, ఈమెయిల్ మారినప్పుడల్లా తెలియజేయాలి. గృహ సంస్థలు అప్పుడప్పుడూ ‘ఇంకా ఆసక్తి ఉందా’ అని ఉత్తరం పంపుతాయి. జవాబు రాకపోతే పేరు తీసేస్తాయి. పేదలు ఎక్కువగా ఇళ్లు మారుతుంటారు, ఉత్తరం పాత ఇంటి డబ్బాలో పడి ఉంటుంది. ఇల్లు నిలకడగా లేని వారికోసం పెట్టిన జాబితా, ఇల్లు నిలకడగా ఉన్నవారినే చివరిదాకా మిగుల్చుకుంటుంది.

వంతు వచ్చి వౌచర్ చేతికందాక కూడా ఇల్లు వెతుక్కోవడం కుటుంబం పనే. దానికి కనీసం 60 రోజులు గడువిస్తారు. ఖాళీలే లేని ఊళ్లో ఆ గడువు కరిగిపోవడం ఎంతసేపు? 2023 సర్వేలో న్యూయార్క్‌లో ఖాళీగా ఉన్న అద్దె ఇళ్లు 1.41 శాతమే. 1968 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు.

న్యూయార్క్‌లోనే మరో పాత వరుస ఉంది. మధ్య తరగతి కోసం 1955లో వచ్చిన చట్టం కింద కట్టిన మిచెల్-లామా భవనాలవి. బ్రాంక్స్‌లో 15,372 ఇళ్లతో ఉన్న కో-ఆప్ సిటీ వీటిలో పెద్దది. గిరాకీ ఉన్న కొన్ని భవనాల జాబితాలు చాలా నెమ్మదిగా కదులుతాయి.

ముందు ఎవరు?

వరుస అన్నాక, ఎవరిని ముందు నిలబెట్టాలన్న తగువు తప్పదు. వౌచర్ జాబితాల్లో నిలువనీడ లేనివారికి, మాజీ సైనికులకు, గృహ హింస నుంచి బయటపడ్డవారికి స్థానిక సంస్థలు ప్రాధాన్యం ఇవ్వవచ్చు. కొత్తగా ఇచ్చే వౌచర్లలో కనీసం 75 శాతం అత్యల్ప ఆదాయ కుటుంబాలకే దక్కాలని 1998 చట్టం చెబుతోంది. న్యూయార్క్ లాటరీల్లో 5 శాతం ఇళ్లు కదలికలో ఇబ్బంది ఉన్నవారికి, 2 శాతం చూపు లేదా వినికిడి లోపం ఉన్నవారికి కేటాయిస్తారు.

వీటి మీద పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా స్థానికుల కోటా మీద. న్యూయార్క్‌లో ఏ పేటలో భవనం కడితే ఆ పేటవాళ్లకు సగం ఇళ్లు ముందుగా కేటాయించేవారు. తమ వీధిలో ఏళ్ల తరబడి నిర్మాణ దుమ్ము మింగినవాళ్లకు దక్కాల్సిన వాటా ఇది అని నగర నాయకులు సమర్థించారు. తెల్లవాళ్ల పేటలు తెల్లగానే, నల్లవాళ్ల పేటలు నల్లగానే మిగలడానికి ఇదే కారణమని 2015లో కోర్టుకెక్కిన నల్లజాతి మహిళలు వాదించారు. జాతి, మతం, పుట్టిన దేశం వంటి వాటి ఆధారంగా ఇంటి విషయంలో వివక్షను 1968 నుంచి ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. 2024 జనవరిలో రాజీ కుదిరింది. సగం వాటా 20 శాతానికి తగ్గింది, 2029 ఏప్రిల్ తర్వాత 15 శాతానికి దిగుతుంది. ఈ వాదనలో రెండు పక్షాలకూ బలం ఉంది. అయినా సగం అన్నది మరీ ఎక్కువే.

శాన్‌ఫ్రాన్సిస్కో ఈ సమస్యను మరో వైపు నుంచి చూసింది. పట్టణ పునర్నిర్మాణం పేరుతో ఫిల్‌మోర్ వంటి పేటల్లో ఇళ్లు కూల్చి, నల్లజాతి కుటుంబాలను పంపేసిన చరిత్ర ఆ నగరానిది. అలా నిర్వాసితులైన వారికి ప్రాధాన్య ధ్రువపత్రం ఇచ్చారు. ఇటీవల వారి వారసులకూ వర్తింపజేశారు. నగర లాటరీల్లో ఈ పత్రం ఉన్నవారిదే తొలి వరుస. ప్రాజెక్టుల కింద ముంపు గ్రామాలు పోగొట్టుకున్న తెలుగువారికి ఈ తర్కం కొత్తగా అనిపించదు.

న్యూజెర్సీ మార్గం

తెలుగువారు దండిగా ఉన్న న్యూజెర్సీలో ఈ ఇళ్లు కోర్టు తీర్పుల మీదుగా వచ్చాయి. పెద్ద స్థలాల్లో విడి ఇళ్లే కట్టాలన్న నిబంధనలతో పేదలను ఊళ్లోకి రానివ్వని మౌంట్ లారెల్ పట్టణం మీద కేసు నడిచింది. 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు, ప్రతి ఊరూ తన వంతు తక్కువ ఆదాయ ఇళ్లకు చోటివ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. ఊళ్లు కదలలేదు. 1983లో కోర్టు ఇంకా గట్టిగా చెప్పింది, 1985లో చట్టం వచ్చింది. ఆ పోరాటానికి ముందు నిలిచిన ఎథెల్ లారెన్స్ పేరుతో మౌంట్ లారెల్‌లో ఇళ్లు తెరుచుకున్నది మాత్రం 2000లో, ఆమె పోయాక. 2024లో రాష్ట్రం ఊళ్ల బాధ్యతను లెక్కించే పద్ధతిని మళ్లీ మార్చింది.

ఎడిసన్, సౌత్ బ్రన్స్‌విక్, ప్లెయిన్స్‌బరో వంటి ఊళ్లలో పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయాల్లో ఒక భాగం పరిమితి అద్దెకు ఉండటానికి ఈ తీర్పులే కారణం. ఇక్కడ రాష్ట్రాన్ని ప్రాంతాలుగా విడదీసి ఆదాయ గీతలు గీస్తారు. మిడిల్‌సెక్స్, సోమర్‌సెట్, హంటర్‌డన్ కౌంటీలు ఒక ప్రాంతం. ఈ రాష్ట్రం లెక్కలో 50 శాతం లోపువారు తక్కువ ఆదాయం, 50 నుంచి 80 మధ్యవారు మధ్యస్థ ఆదాయం. ఎంపిక యాదృచ్ఛికంగానే సాగుతుంది. అయితే నిర్వహణ ఏజెంట్లు ఊరికొకరు ఉంటారు కాబట్టి, న్యూయార్క్‌లా ఒకచోట నమోదు చేస్తే సరిపోదు.

తెలుగు కుటుంబాలకు ఎదురయ్యే చిక్కులు

అమెరికాలో మాస్టర్స్ చేయడానికి వెళ్లిన తెలుగు విద్యార్థులు తక్కువ అద్దె చూసి ముందుగా ఆరా తీసేది ఇలాంటి భవనాలనే. ఆదాయం దాదాపు లేదు కదా, తప్పకుండా ఇస్తారనుకుంటారు. ఇవ్వరు. పన్ను రాయితీ ఇళ్లలో, ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులే అయితే సాధారణంగా అనర్హులు. ఆ క్యాలెండర్ సంవత్సరంలో ఏవైనా ఐదు నెలలు ఫుల్‌టైమ్ చదివితే ఏడాదంతా విద్యార్థే. మే నెలలో పట్టా పుచ్చుకుని జూన్‌లో ఉద్యోగంలో చేరినా డిసెంబరు దాకా ఆ ముద్ర పోదు. ఉమ్మడి పన్ను రిటర్ను దాఖలు చేయగల దంపతుల వంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఇంట్లో ఒక్కరైనా విద్యార్థి కానివారుంటే ఈ నియమం వర్తించదు, అయితే అప్పుడు ఆ రూమ్‌మేట్ జీతమంతా ఇంటి ఆదాయంలో కలుస్తుంది.

వీసా సంగతి పథకాన్ని బట్టి మారుతుంది. ప్రభుత్వ గృహాలు, సెక్షన్ 8 వంటి నేరు ఫెడరల్ సాయం పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి, శరణార్థుల వంటి కొన్ని వర్గాలకే. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికి వర్తించదు. ఇంట్లో కొందరికి అర్హత ఉండి కొందరికి లేకపోతే, అర్హుల వాటా మేరకే సాయం లెక్కకడతారు. పన్ను రాయితీ ఇళ్లకు ఆ ఫెడరల్ ఆంక్ష లేదు. న్యూయార్క్ లాటరీల్లోనూ చాలావాటికి వలస హోదా అడ్డు రాదు. హెచ్-1బీ జీతం ఆ గీతల్లో ఇముడుతుందా అన్నదే ప్రశ్న. ఒక్క జీతం మీద నలుగురు బతికే ఇంటికి పై పట్టీల్లో ఇమిడే వీలు లేకపోలేదు.

గ్రీన్‌కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులు పిల్లల ఇంట్లో ఇమడలేక వేరుగా ఉండాలనుకున్నప్పుడు వినిపించే మాట సీనియర్ హౌసింగ్. 1959 గృహ చట్టంలోని సెక్షన్ 202 కింద కట్టిన ఇళ్లు 62 ఏళ్లు నిండినవారికి, 50 శాతం గీత లోపువారికి ఇస్తారు. ఇక్కడ రెండు సంగతులు దాచకుండా చెప్పాలి. పిల్లలు క్రమం తప్పకుండా ఇచ్చే డబ్బు తల్లిదండ్రుల ఆదాయమే. ఊళ్లో వారి పేరు మీద ఉన్న పొలం, ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆస్తి లెక్కలోకి వస్తాయి. ఇండియాలో ఉంది కదా అని వదిలేయడానికి వీల్లేదు. 2016లో చేసిన చట్టం ప్రకారం ఆస్తులు 50,000 డాలర్ల పైన ఉంటే, రాబడి రాకపోయినా వచ్చినట్టు ఊహించి కొంత కలుపుతారు. ఈ హద్దును ధరల పెరుగుదలను బట్టి సవరిస్తుంటారు. ప్రభుత్వ గృహాలకు, సెక్షన్ 8 సాయానికి అదే చట్టం 1,00,000 డాలర్ల దగ్గర ఆస్తి పరిమితిని కూడా పెట్టింది. హైదరాబాద్ శివార్లలో ప్లాటు, ప్రాంతాన్ని బట్టి, నేటి ధరకు ఆ గీతల్ని దాటవచ్చు. పత్రాల మీద సంతకం తప్పుడు ప్రకటనకు శిక్ష పడుతుందన్న హెచ్చరిక కిందే పెట్టాలి కాబట్టి, పొలం సంగతి రాసేయడమే మంచిది.

ఇంగ్లిష్ రాని పెద్దల తరఫున దరఖాస్తు నింపిపెడతామని, లాటరీలో నంబరు ముందుకు తెస్తామని డబ్బు అడిగేవాళ్లు ప్రతి నగరంలోనూ ఉన్నారు. హౌసింగ్ కనెక్ట్‌లో దరఖాస్తుకు గానీ, వౌచర్ జాబితాలో పేరు చేర్చుకోవడానికి గానీ రుసుము లేదు. లాగ్ నంబర్‌ను మార్చగలిగే మనిషీ లేడు. నింపడంలో సాయం కావాలంటే నగరాలు గుర్తించిన స్వచ్ఛంద గృహ సలహా కేంద్రాలు ఉచితంగానే చేసిపెడతాయి.